ఆటిజం సర్టిఫికెట్ హైస్కూల్‌కు ముందే తీయాలా, ఆగాలా?

దేవరకొండ అమ్మ:
మా బాబు ఐదో తరగతి. ఆటిజం అని సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్య జాతీయ సంస్థలో చూపించినప్పుడే చెప్పారు. సర్టిఫికెట్ మాత్రం ఇంతవరకు తీయలేదు. జూన్‌లో ఊరి బడి విడిచి మండలంలోని జిల్లా పరిషత్ హైస్కూల్‌కు పోవాలి. ఇప్పుడైనా వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే క్యాంపుకు తీసుకుపోదామని నేనంటున్నా. మా ఆయన వద్దంటున్నాడు. పెద్దపాపకు పెళ్లీడు వస్తోంది, తమ్ముడికి ముద్ర పడితే సంబంధాలు రావంటాడు. అత్తమ్మకైతే చెరువుగట్టు రామలింగేశ్వరుడి గుడి దగ్గర నిద్ర చేయిస్తే అంతా తగ్గిపోతుందని ఇంకా ఆశ. మీ ఇళ్లల్లో ఏం చేశారు?

మిర్యాలగూడ మేనమామ:
బావ మాట తీసిపారేయకు చెల్లె. మా చుట్టాల్లో ఒక సంబంధం ఇట్లనే ఆగింది. పిల్లగాడికి పింఛను వస్తుందని పోస్టాఫీసు నుంచి ఊరంతా తెలిసింది, అవతలివాళ్లు మళ్లీ ఫోన్ ఎత్తలేదు. పిల్లలు ఎదిగేకొద్దీ మారతారు. పది దాకా ఆగండి, అప్పుడు చూసుకోవచ్చు.

జడ్చర్ల నాన్న:
అన్నా, పింఛను వేరు, సర్టిఫికెట్ వేరు. నెలకు 4,016 రూపాయలు వద్దనుకుంటే దానికి దరఖాస్తు పెట్టకండి, అయిపోయింది. సర్టిఫికెట్ బీరువాలో ఉంటుంది, మనం చూపిస్తేనే ఎవరికైనా తెలుస్తుంది.

పది దాకా ఆగమనడం తేలికే. పరీక్షలో గంటకు 20 నిమిషాలు అదనంగా కావాలన్నా, రాసిపెట్టే మనిషి కావాలన్నా అడిగే మొదటి కాగితం అదే. చివరి నిమిషంలో క్యాంపుల చుట్టూ తిరిగే టెన్షన్ పగవాడికి కూడా వద్దు. నిరామయ ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష దాకా. థెరపీ ఖర్చు కూడా కొంత వస్తుంది. దానికీ సర్టిఫికెట్ కావాలి.

మావాడికి 18 దాటాయి. బ్యాంకుకు పోతే గార్డియన్ పత్రం తెమ్మన్నారు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ పెద్దగా ఉండే జిల్లా కమిటీ ఆ పత్రం ఇస్తుంది. అక్కడా ముందు ఇదే అడిగారు.

భవిత టీచర్:
నేను ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే మండల భవిత కేంద్రంలో పనిచేస్తాను. అమ్మా, సర్టిఫికెట్ లేకపోతే హైస్కూల్‌లో చేర్చుకోరేమోనన్న భయం ఉంటే తీసేయండి. 14 ఏళ్ల దాకా విద్యాహక్కు చట్టం ఉంది, ప్రభుత్వ బడి కాదనడానికి లేదు. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్న పిల్లలకు 2016 దివ్యాంగుల చట్టం ఆ హక్కును 18 దాకా ఇచ్చింది. సర్టిఫికెట్ అవసరం అక్కడ వస్తుంది. కాబట్టి తీయమనే నేనూ చెప్తాను. కానీ కాగితం ఒక్కటే జూన్‌ను దాటించదు.

ఊరి బడిలో బాబుకు ఇద్దరు టీచర్లు తెలుసు, కూర్చునే చోటు తెలుసు. హైస్కూల్‌లో సబ్జెక్టుకో సార్. పీరియడ్ మారినప్పుడల్లా బెల్లు, వరండాలో ఉరుకులు. మధ్యాహ్న భోజనం దగ్గర పళ్లేల చప్పుడు ఎట్లుంటుందో ఒకసారి నిలబడి వినండి, మనకే తల తిరుగుతుంది. చాలామంది పిల్లలు పాఠం దగ్గర ఆగిపోరు, ఈ అన్నం లైను దగ్గర ఆగిపోతారు. మొదటి వారంలో కొరికాడనో పారిపోయాడనో కబురు వస్తుంది, ‘ఇంట్లోనే ఉంచండి’ అనే మాట మొదలవుతుంది.

అందుకే వేసవి సెలవులకు ముందే, బడి ఖాళీగా ఉన్న పూట తీసుకుపోండి. గేటు, తరగతి గది, బాత్రూమ్, నల్లా, అన్నిటినీ ఫోన్‌లో ఫొటోలు తీసి సెలవుల్లో రోజూ చూపించండి. అన్నానికి బెల్లు కంటే కొంచెం ముందే పంపమని హెడ్మాస్టర్‌ను అడగండి. చాలామంది ఒప్పుకుంటారు, అడిగేవాళ్లే తక్కువ. తట్టుకోలేనప్పుడు పోయి కూర్చోవడానికి ఒక గది, ఒక తెలిసిన మనిషి ఉండాలి. ఆ మనిషి టీచరే కానక్కర్లేదు, వంట చేసే అక్క అయినా సరే.

పాలమూరు లెక్కలు:
నేను ఆటిజం ఉన్నవాణ్ని. బీకాం చేసి ఒక ఆఫీసులో లెక్కలు రాస్తాను. సర్టిఫికెట్ మీద మరీ ఆశ పెట్టుకోకండి. ఐసా అనే పరీక్షలో 40 అంశాలకు మార్కులు వేస్తారు. మొత్తం 70 వస్తేనే 40 శాతం. నేను మంచిగ మాట్లాడతానని తక్కువ వేశారు. ఆ గదిలోని ట్యూబ్‌లైట్ శబ్దం నన్నెంత పీడించిందో వాళ్లు పట్టించుకున్నట్టే అనిపించలేదు. ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్ కూడా మనకు, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం వంటి వాటన్నిటికీ కలిపి 1 శాతం.

ఇంకోటి. ఇంత మాట్లాడారు, బాబును ఎవరైనా అడిగారా? జడ్చర్ల అన్నా, మీ అబ్బాయిని అడిగారా? నిర్ణయాలన్నీ పెద్దలే చేతిలోకి తీసుకోకుండా, ఇద్దరూ కలిసి నిర్ణయించే పరిమిత గార్డియన్ పద్ధతి 2016 చట్టం 14వ సెక్షన్‌లో ఉంది.

జడ్చర్ల నాన్న:
తమ్ముడూ, చట్టంలో ఉంది నిజమే. కౌంటర్‌లో కూర్చున్నాయనకు 14వ సెక్షన్ చెప్పి చూడు. మావాడు మాట్లాడడు. ఏ చొక్కా కావాలో, ఎవరి బండి ఎక్కాలో మాత్రం వాడిదే లెక్క. అక్కడిదాకా నేను అడ్డం రాను. డబ్బు సంగతి నేను చూడాల్సిందే.

నల్గొండ అక్క:
ఇక్కడ అందరూ అక్క పెళ్లి గురించే మాట్లాడుతున్నారు, ఆ అక్క మాట మాత్రం లేదు. నేను అలాంటి అక్కనే. మా తమ్ముడికి అప్పుడు సర్టిఫికెట్ లేదు. నిశ్చితార్థంలో డప్పులు మోగగానే చెవులు మూసుకుని బయటికి ఉరికాడు. ఇంక దాచడానికి ఏముంది? చూపులకు వచ్చినప్పుడే మేం చెప్పేశాం కాబట్టి ఆరోజు ఎవరికీ కొత్తగా అనిపించలేదు. కొన్ని సంబంధాలు పోయాయి, పోనీ. రేపు అమ్మానాన్న తర్వాత తమ్ముణ్ని చూసుకునేది నేనే కదా, అది తెలియని ఇంటికి పోయి నేనేం చేయాలి? మీ పాపనూ ఒకసారి కూర్చోబెట్టి అడగండి అక్కా.

దేవరకొండ అమ్మ:
పాపను అడిగాను. ‘తమ్ముడి పేరు చెప్పి నా పెళ్లి ఆపకండి, నా పెళ్లి పేరు చెప్పి తమ్ముణ్ని ఆపకండి’ అంది. మా ఆయన ఏమీ అనలేదు. క్యాంపుకు వస్తానన్నాడు, పింఛనుకు మాత్రం దరఖాస్తు వద్దన్నాడు. బాబుకు హైస్కూల్ గేటు ఫొటో చూపిస్తే రెండు వేళ్లతో పెద్దది చేసి చూశాడు. టీచర్ గారూ, ఏ పూట వస్తే బడి ఖాళీగా ఉంటుంది?

భవిత టీచర్:
ఒంటిపూట బడులప్పుడు రండమ్మా, మధ్యాహ్నం పిల్లలు పోయాక. ముందు రోజు ఫోన్ చేస్తే హెడ్మాస్టర్‌కు నేను చెప్పి ఉంచుతాను. ఎండ ఎక్కువ, బాబుకు టోపీ పెట్టుకోవడం ఇష్టం లేకపోతే గొడుగు తెచ్చుకోండి.

మిర్యాలగూడ మేనమామ:
పింఛను వద్దన్నాడంటే బావకు బుర్ర ఉంది. మిగతాది మీ ఇష్టం.