ఇంప్లాంటు వెండి పూత: తగ్గేది విడుదలా, కొలతా?

టైటానియం డిస్కుల మీద స్పటరింగ్‌తో (శూన్యంలో లోహపు పరమాణువులను చిమ్మే పద్ధతి) వేసిన వెండి పూతను 37 డిగ్రీల దగ్గర పీబీఎస్‌లో (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పు ద్రావణం) ఉంచి, కరిగిన వెండిని ఐసీపీ-ఎంఎస్‌తో (అతి తక్కువ లోహాన్నీ పట్టే ప్లాస్మా మాస్ స్పెక్ట్రోమీటరు) కొలుస్తున్నాం. మొదట్లో విడుదల ఎక్కువ, తర్వాత బాగా పడిపోతోంది. చిక్కల్లా ఉప్పుతోనే. పీబీఎస్‌లో లీటరుకు 8 గ్రాములుంటుంది. దాంతో సిల్వర్ క్లోరైడ్ ఏర్పడి పూత మీదా, ట్యూబు గోడకూ అంటుకుంటుంది. తెల్లటి ఆ పొర వెలుతురు తగిలితే నల్లబడుతుంది. 2 శాతం నైట్రిక్ యాసిడ్ కలిపినా కరగదు, రీడింగ్ తక్కువ చూపిస్తుంది.

హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఎక్కువ వేసి క్లోరో కాంప్లెక్స్‌గా (వెండికి మరిన్ని క్లోరైడ్ అయాన్లు చేరి కరిగే రూపం) కరిగించేవాళ్లు ఎంత గాఢత వాడుతున్నారు? అమ్మోనియా మేలా?

ఇంకొకటి. సీరంలో ఉంచిన డిస్కుల మీద సల్ఫైడ్ కూడా ఉండొచ్చు. ఎక్స్‌పీఎస్‌లో (ఎక్స్‌రేతో ఉపరితల రసాయన స్థితి చూసే పద్ధతి) వెండి 3డీ ఎలక్ట్రాన్ల శిఖరాల స్థానం ఒక్కటే చూస్తే క్లోరైడో సల్ఫైడో తేలదు, పైగా ఎక్స్‌రే తగిలి క్లోరైడ్ లోహంగా మారిపోతుంది. ఆజే పరామితితో (ఆజే ఎలక్ట్రాన్ల శిఖరం, 3డీ శిఖరం రెండింటి శక్తులు కలిపి లెక్కించే విలువ) తేల్చినవాళ్లు స్కాన్ ఎంతసేపు నడిపారో, శాంపిల్ ఎలా ఆరబెట్టారో దయచేసి చెప్పండి.