నూనె ప్యాకెట్లలోని జిడ్డు పూర్తిగా వదిలించడం ఎలా?

హైదరాబాదులో నలుగురం ఉండే మా ఇంట్లో, 3 నెలలుగా ప్లాస్టిక్‌ను తడి చెత్తతో కలపకుండా విడిగా పోగుచేసి, నెలకొకసారి పాత సామాన్ల దుకాణానికి ఇస్తున్నాము. నీళ్ల సీసాలు, షాంపూ డబ్బాలు, కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్లు తూకం వేసి తీసుకుంటారు. లీటరు నూనె ప్యాకెట్లను మాత్రం, వాటి జిడ్డు మిగతావాటికీ అంటుతుందని చెప్పి, రెండుసార్లు తిప్పి పంపారు. ఇప్పటికి 15 ప్యాకెట్లు మిగిలాయి. అటక మీది సంచికి చీమలు కూడా పట్టాయి.

ప్యాకెట్‌ను రాత్రంతా డబ్బాలోకి వంచి ఉంచి, మర్నాడు మూడు వైపులా కత్తిరించి పుస్తకంలా విప్పి, శనగపిండి చల్లి తుడిచి, గిన్నెల సబ్బు కలిపిన వేడినీళ్లలో కడిగి, రెండు రోజులు ఆరబెట్టాను. మధ్య భాగం శుభ్రపడుతోంది గాని, అతుకుల దగ్గర వేలితో రుద్దితే సన్నని జిడ్డు మెరుస్తోంది, పాత నూనె వాసన పోవడం లేదు. పైగా ఒక్కో ప్యాకెట్‌కు సుమారు 2 లీటర్ల నీళ్లు అవుతున్నాయి. ఎండాకాలంలో ట్యాంకరు నీళ్లు కొనే మాకు ఇది సబబుగా తోచడం లేదు. అతుకులను కత్తిరించి పారేస్తే ఆ ముక్కలు చెత్తలోకే పోతాయి కదా అని ఆ పని చేయలేదు. ప్లాస్టిక్ రకాన్ని తెలిపే త్రికోణంలో పాల ప్యాకెట్ల మీద 4 అంకె ఉండగా, నూనె ప్యాకెట్ల మీద 7 ఉంది, అంటే ఇతర లేదా కలగలుపు రకం. అయితే దుకాణదారు అంకె గురించి కాక జిడ్డు గురించే అభ్యంతరం చెప్పారు.

తక్కువ నీటితో, అతుకుల దగ్గరి జిడ్డు కూడా వదిలేలా నూనె ప్యాకెట్లను శుభ్రం చేసి దుకాణానికి ఇవ్వగలిగినవారు, ఏ పద్ధతి పాటించారో దయచేసి చెప్పగలరా?