పొలమారడం వేరు, గొంతుకడ్డం పడటం వేరు

పాలకొల్లు నుంచి ఒక సభ్యురాలు అడిగిన ప్రశ్న ఇది: "అంగన్‌వాడీ కోసం కరపత్రం రాస్తున్నామండీ. 'చోకింగ్' అన్నచోట పొలమారడం అని రాయొచ్చా?"

రాయొద్దండీ. చోకింగ్ అంటే గొంతుకడ్డం పడటం. గోదావరి జిల్లాల్లో ఈ రెండు మాటలూ కలవవు. కలిపేస్తే నష్టం భాషకొక్కదానికే కాదు, ప్రాణానికి కూడా.

నీళ్ళు తాగుతూ ఉక్కిరిబిక్కిరై, కళ్ళ నీళ్ళు వచ్చేలా దగ్గితే "పొలమారింది" అంటాం. ముద్దో గింజో దారి మూసేసి ఊపిరి అందకపోతే "గొంతుకడ్డం పడింది" అంటాం. పొలమారినవాడు దగ్గుతాడు. అడ్డం పడినవాడు దగ్గలేడు. తేడా అంతా అక్కడే ఉంది.

గొంతులో కొంతదూరం అన్నానికీ ఊపిరికీ దారి ఒకటే. ఆ తర్వాత ముందువైపు ఊపిరి గొట్టం, వెనకవైపు ఆహార గొట్టం. అంటే మనం తినే ప్రతి ముద్దా ఊపిరి గొట్టం నోటి మీదుగానే దాటాలి. ఇదేం ఏర్పాటని 1859లోనే డార్విన్ ఆశ్చర్యపడ్డాడు. అందుకే మింగేటప్పుడు ఊపిరి దానంతటదే ఆగుతుంది. గొంతు ముడి మీద వేలు పెట్టి గుటక వేసి చూడండి, అది పైకి లేచి దిగుతుంది. అలా లేచినప్పుడే ఎపిగ్లాటిస్ అనే చిన్న మూత ఊపిరి గొట్టం మీదికి వాలుతుంది, లోపల స్వరతంత్రులు కూడా దగ్గరగా మూసుకుంటాయి. మన కాలవల మీద లాకుల్లాగే, ఒక తలుపు తెరిచి ఉన్నంతసేపూ రెండోది మూసి ఉండాలి. ఇదంతా సెకను లోపు పని. ఆ సెకనులో నవ్వామో, మాట్లాడామో, ఊపిరి పీల్చామో, చుక్క అటు జారుతుంది. దాన్ని బయటికి తోసే దగ్గే పొలమారడం. కాబట్టి అది జబ్బు కాదు, కాపలా.

ఆ మూతని కొండనాలుక అని చాలామంది రాస్తున్నారు, అది తప్పు. కొండనాలుక అద్దంలో కనిపిస్తుంది, అంగిలి చివర వేలాడుతూ ఉంటుంది. మింగేటప్పుడు అంగిలి వెనక భాగంతో పాటు పైకి లేచి ముక్కు దారి మూస్తుంది. తాగుతూ నవ్వితే టీ ముక్కులోంచి రావడం ఆ దారి సరిగ్గా మూసుకోకే. ఎపిగ్లాటిస్ ఉండేది నాలుక మొదట్లో, ఇంకా లోపల.

అన్నం కంటే నీళ్ళకే ఎక్కువ పొలమారుతుంది, ఎందుకంటే నీళ్ళు మూత పడేలోపే జారిపోగలవు. పైగా మనవాళ్ళు ఎంగిలి కాకుండా చెంబు ఎత్తి పోసుకుంటారు. తల వెనక్కి వాలిస్తే ఊపిరి దారి బాగా తెరుచుకుంటుంది. ఊపిరి ఆగిన మనిషికి సీపీఆర్ చేసేవాళ్ళు తల వెనక్కి వంచేది కూడా అందుకే. కుర్రాళ్ళకి ఫరవాలేదు గానీ పెద్దవాళ్ళకి గ్లాసు అంచు పెదవికి ఆనించి తాగడమే క్షేమం. పొడి సరుకు ఇంకో రకం. ఆత్రేయపురం పూతరేకు కొరికి అదే క్షణాన గట్టిగా ఊపిరి పీలిస్తే లోపలి పంచదార పొడి గాలితో పాటే పోతుంది. సున్నుండలతోనూ అంతే.

ఇక నెత్తి మీద తట్టడం. "ఎవరో తలుచుకుంటున్నారే" అంటూ అమ్మమ్మ తడుతుంది. కువైట్‌లోనో మస్కట్‌లోనో పిల్ల ఉన్న ఇంట్లో ఆ మాటకి విలువ ఎంతో నాకు తెలుసు, దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయను. తట్టడం వల్ల చుక్క బయటికి రాదు, దగ్గు వల్లే వస్తుంది. కానీ దగ్గు నడుస్తున్నంతసేపూ తడితే ప్రమాదమూ లేదు. చేయకూడనిది ఒకటే: దగ్గుతుండగా నోట్లో నీళ్ళు పోయడం. దగ్గు తగ్గాక గుక్కెడు ఇవ్వండి.

రెండో మాట దగ్గరికొస్తే "గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు" అనే మాట గుర్తు చేసుకోండి. ఏ జవాబూ చెప్పలేక నోరు పెగలని స్థితికి వాడతాం. నిజంగా అడ్డం పడినప్పుడు మొదట పోయేది కూడా గొంతే. స్వరతంత్రులకి గాలి తగలదు కాబట్టి మాట రాదు, దగ్గు శబ్దం రాదు, మనిషి గొంతు పట్టుకుంటాడు. తాటి ముంజె, వేరుశనగ గింజ, ద్రాక్షపండు చిన్నపిల్లలకి ఇలాగే ప్రమాదం. అప్పుడు నెత్తి తట్టుకుంటూ కూర్చుంటే విలువైన క్షణాలు పోతాయి. ముందుకి వంచి, వీపు మీద రెండు రెక్కల ఎముకల మధ్య, అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగంతో 5 సార్లు గట్టిగా కొట్టాలి. రాకపోతే వెనక నిలబడి బొడ్డుకి కాస్త పైన పిడికిలి పెట్టి, లోపలికీ పైకీ 5 సార్లు లాగాలి. 1974లో అమెరికా వైద్యుడు హైమ్లిక్ చెప్పిన పద్ధతి ఇది. అడ్డం తొలిగేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేస్తూనే, పక్కవాళ్ళ చేత 108కి ఫోన్ చేయించాలి. ఏడాది లోపు పిల్లలకి పొట్ట నొక్కకూడదు. ముంజేతి మీద బోర్లా, తల కిందుగా పెట్టి వీపు మీద 5 దెబ్బలు, తర్వాత వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్య 5 సార్లు నొక్కాలి. ఏ వయసువారికైనా కనబడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకొద్దు, ఇంకా లోపలికి పోతుంది.

కాబట్టి కరపత్రంలో ఇలా రాయండి: "పొలమారితే దగ్గనివ్వండి. గొంతుకడ్డం పడి మాట రాకపోతే వీపు మీద కొట్టండి." మన ఊళ్ళో ఎవరికైనా అర్థమవుతుంది.

కింద వచ్చిన వ్యాఖ్యలకి:

చిత్తూరు మిత్రులకు: అవునండీ, మీ "కొరబోయింది" మా "పొలమారింది" ఒకటే. మీ వైపు కరపత్రానికి మీ మాటే ఉండాలి.

ఎక్కిళ్ళ గురించి అడిగినవారికి: తలుచుకుంటున్నారనేది దానికీ అంటాం గానీ అక్కడ ఏదీ దారి తప్పదు. పొట్టకీ రొమ్ముకీ మధ్య ఉండే డయాఫ్రం ఉన్నట్టుండి బిగుసుకుని గాలి లోపలికి దూకుతుంది, వెంటనే స్వరతంత్రులు టక్కున మూసుకుంటాయి. ఆ చప్పుడే "ఎక్". కడుపులో బిడ్డకి కూడా ఎక్కిళ్ళు వస్తాయి. అమెరికాలో చార్లెస్ ఆస్బర్న్ అనే ఆయనకి 1922లో మొదలై 1990 దాకా ఆగలేదు.

"మా నాన్నగారికి నీళ్ళు తాగినప్పుడల్లా పొలమారుతోంది" అన్న అమలాపురం తమ్ముడికి: దయచేసి నిర్లక్ష్యం చేయకు. పెద్ద వయసులో, ముఖ్యంగా పక్షవాతం తర్వాత, మింగే కండరాలు నెమ్మదిస్తాయి. కొందరికి చుక్క లోపలికి పోయినా దగ్గే రాదు, అది ఇంకా ప్రమాదం. అలా పోయినవి ఊపిరితిత్తుల్లో న్యుమోనియాకి దారితీస్తాయి. డాక్టరుకి చూపించు. ఈలోగా ఆయన్ని నిటారుగా కూర్చోబెట్టి చిన్న గుక్కలు తాగించు, తాగేటప్పుడు మాట్లాడించకు.

పులస ముల్లు సంగతి అడిగినవారికి: అది పొలమారడమూ కాదు, అడ్డం పడటమూ కాదు. మనం "ముల్లు గుచ్చుకుంది" అనే అంటాం, ఊపిరి మామూలుగానే ఆడుతుంది. అన్నం ముద్దో అరటిపండో మింగమంటారు గానీ ముల్లు ఇంకా లోతుగా దిగవచ్చు. గుచ్చుకున్నట్టే ఉంటే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి, లైటు వేసి చూసి పట్టకారుతో తీసేస్తారు.