ఈ వారం సమస్య: “మరిగె నీరు సున్న మార్కు వద్ద”

నిర్వాహకుడు: ఛందస్సు ఆటవెలది. నాలుగో పాదం ఇచ్చాను, మిగతా మూడు మీవి. సున్న దగ్గర నీళ్ళు గడ్డకడతాయి కదా అని కంగారు పడకండి, దారి ఉంది.

మొదటి పూరణ (మాస్టారు):

స్వీడనందు పుట్టి సెల్సియస్ గీసిన
కొలతబద్దలోన కొసలు వేరు
గడ్డ కట్టు చోట ఘనమైన నూరుండె
మరిగె నీరు సున్న మార్కు వద్ద

నిర్వాహకుడు: మాస్టారూ, నేను అనుకున్న దారి ఇదే. ఉప్సాలలో ఖగోళశాస్త్రం చెప్పిన ఆండర్స్ సెల్సియస్ 1742లో వేసిన కొలతలో మరిగే చోటు 0, గడ్డకట్టే చోటు 100. ఒక్క మాట. ‘ఘనమైన’ యతి కోసం వచ్చి కూర్చుంది, అర్థానికి పనిచేయడం లేదు. “కనిపించె నూరంకె” అంటే గ-కలకు యతి చెల్లుతుంది, పద్యమూ తేలికపడుతుంది.

మాస్టారు: ఒప్పుకుంటున్నానండీ. సవరించుకుంటాను.

రెండో పూరణ (ఫిజిక్స్ మేడమ్):

గాజు కుప్పె లోని గాలిని తోడంగ
పైన పడెడు బరువు పలచబడగ
మంట లేకయుండ మంచంత చల్లనై
మరిగె నీరు సున్న మార్కు వద్ద

ఇది నేటి కొలతలోనే నిజం. మామూలుగా 760 మి.మీ. పాదరసం ఉండే పీడనం సుమారు 4.6 మి.మీ.కి దిగితే నీళ్ళు సున్న దగ్గరే మరుగుతాయి. మా ల్యాబ్‌లో పంపు పెట్టి చూపిస్తాను. బుడగలు తెర్లుతూనే ఉంటాయి, ఫ్లాస్కు ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటుంది. కాసేపటికి పైన మంచు పొర కడుతుంది. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు.

మాస్టారు: అమ్మా, అద్భుతం! నాది చరిత్ర చెప్పింది, మీది నీటి గుణం చెప్పింది.

నిర్వాహకుడు: ఈ రెండూ కలిసే చోటు ఒకటుంది. మరిగే చోటు గాలి పీడనాన్ని బట్టి మారుతుందనీ, గడ్డకట్టే చోటు మారదనీ సెల్సియస్ ఆ 1742 వ్యాసంలోనే చెప్పాడు. అందుకే తన సున్నకి బారోమీటర్‌లో పాదరసం ఎత్తు కూడా నిర్ణయించాడు. మేడమ్ పద్యం ఆయన చదివి ఉంటే సంతోషించేవాడు.

మూడో పూరణ (కొత్త సభ్యురాలు, తప్పులుంటే చెప్పండి):

పెద్ద లతని వెనుక పేరు నిల్పిరి గాని
అంకె లటువి యిటుగ నయ్యె తుదకు
అతడు రాసినట్టి యా కాగితమ్ముపై
మరిగె నీరు సున్న మార్కు వద్ద

నిర్వాహకుడు: తప్పులా! గణాలు, యతులు అన్నీ సరిపోయాయి తల్లీ. సెల్సియస్ 1744లో 42 ఏళ్ళకే క్షయతో పోయాడు. ఆ వెంటనే కొలత తలకిందులైంది. తిప్పినవారిలో వృక్షశాస్త్రవేత్త లినేయస్ పేరు, ఖగోళశాస్త్రవేత్త స్ట్రోమర్ పేరు, పనిముట్లు చేసే ఎక్‌స్ట్రోమ్ పేరు వినిపిస్తాయి. చాలాకాలం దాన్ని సెంటిగ్రేడ్ అన్నారు. సెల్సియస్ అన్న పేరు అధికారికంగా ఖాయమైంది 1948లో, తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభలో. ‘పేరు నిల్పిరి గాని’లోని ఆ ‘గాని’ దగ్గర నేను రెండుసార్లు ఆగాను. ఈ వారం నా ఓటు దీనికే.