టీకా కార్డు సరిపోలేదని స్కూల్లో మినహాయింపు ఫారం పెట్టేయడం సరైనదేనా? (టెక్సాస్)

గోదారిబ్బాయి (ఇర్వింగ్):
మా పక్క అపార్ట్‌మెంట్లోకి రాజమండ్రి నుంచి ఒక కుటుంబం కొత్తగా దిగింది. పాపకి ఐదేళ్లు, కిండర్‌గార్టెన్‌లో చేర్పించాలి. స్కూల్ నర్సు టీకా కార్డు చూసి, తొమ్మిదో నెలలో వేసిన తట్టు టీకా ఇక్కడ లెక్కలోకి రాదంది. మొదటి పుట్టినరోజు దాటాక వేసిందే లెక్క. ఆటలమ్మ టీకా, హెపటైటిస్ ఎ టీకా కార్డులో అసలు లేవు. పిల్లల డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ మూడు వారాల తర్వాత దొరికింది. ఈలోగా ఆఫీసులో ఎవరో సలహా ఇచ్చారట: "మనస్సాక్షి కారణాలతో టీకాలు వద్దంటున్నాం అని ఫారం ఉంటుంది, డౌన్‌లోడ్ చేసి నోటరీ చేయించి ఇచ్చేయ్, రెండేళ్లు ఎవడూ అడగడు" అని. ఇచ్చేశారు కూడా. వాళ్లు టీకాలకి వ్యతిరేకులేం కాదు, ఊళ్లో అన్నీ వేయించారు. అది తప్పు అన్నాను. మా ఆవిడేమో "వాళ్ల పిల్ల, వాళ్ల ఇష్టం, మీకెందుకు" అంది. రెండ్రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. మీరేమంటారు?

చార్మినార్ చాయ్ (హ్యూస్టన్):
మీ ఆవిడ మాటే కరెక్ట్ బ్రదర్. చట్టం ఇచ్చిన దారిలో వెళ్లారు, దొంగ సర్టిఫికెట్ పెట్టలేదు కదా. టెక్సాస్‌లో ఈ మనస్సాక్షి మినహాయింపు 2003 నుంచి ఉంది. మన దేశంలోనూ కోర్టులు ఇదే దారిలో ఉన్నాయి. తట్టు, రుబెల్లా టీకాలు స్కూళ్లలో తల్లిదండ్రుల్ని అడక్కుండా వేయకూడదని 2019లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్ల ఒంట్లోకి ఏది వెళ్లాలో ప్రభుత్వం ఎందుకు చెప్పాలి?

వకీలు కాని వకీలు (డాలస్):
2022 తీర్పు సగమే చెప్పారు. బలవంతంగా సూది పొడవొద్దంది నిజమే. కానీ ప్రజారోగ్యం కోసం ప్రభుత్వం కొన్ని ఆంక్షలు పెట్టొచ్చని, అవి అవసరానికి మించకూడదని కూడా అదే తీర్పులో ఉంది. ఇక్కడ టెక్సాస్‌లో కూడా ఎవరూ పిల్లని పట్టుకుని సూది వేయరు. టీకా లేకపోతే బడిలో చేర్చుకోం అంటారు, అంతే. ఈ తగాదా కొత్తది కూడా కాదు. శాన్ ఆంటోనియోలో టీకా లేదని ఒక అమ్మాయిని బళ్లోంచి పంపేస్తే కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1922లో జడ్జీలందరూ ఒక్క మాటగా ఊరి నిబంధనే చెల్లుతుందన్నారు. అంటే మినహాయింపు మన హక్కేం కాదు, శాసనసభ దయతలచి ఇచ్చింది.

చార్మినార్ చాయ్:
దయో హక్కో, ఇచ్చారుగా. వాడుకుంటే నేరమా?

లెక్కల మాస్టారు (ఆస్టిన్):
నేరమని ఎవరన్నారండీ? లెక్క చూద్దాం. తట్టు వచ్చిన ఒక్క మనిషి, చుట్టూ ఎవరికీ రక్షణ లేకపోతే 12 నుంచి 18 మందికి అంటిస్తాడు. వాడు గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా గాలిలో వైరస్ ఉండొచ్చు. అందుకే 95 శాతం మందికి టీకా ఉండాలంటారు. అమెరికా మొత్తం మీద 2024-25లో కిండర్‌గార్టెన్ పిల్లల్లో 92.5 శాతం మందికే రెండు డోసులూ ఉన్నాయి. చూడ్డానికి పెద్ద తేడా కాదు. కానీ సగటు మోసం చేస్తుంది. టీకా లేనివాళ్లు రాష్ట్రమంతా సమానంగా పరుచుకుని ఉండరు, ఒకేచోట గుంపుగా ఉంటారు. పశ్చిమ టెక్సాస్‌లోని గెయిన్స్ కౌంటీలో అదే జరిగింది. అక్కడ కిండర్‌గార్టెన్ పిల్లల్లో దాదాపు 18 శాతం మందికి అప్పటికే మినహాయింపు ఉండేది. 2025 జనవరి చివర్లో తట్టు మొదలై, ఆగస్టు 18న అయిపోయిందని ప్రకటించే నాటికి 762 కేసులు. 99 మంది ఆస్పత్రి పాలయ్యారు. ఇద్దరు బడి పిల్లలు చనిపోయారు, ఇద్దరికీ టీకా లేదు.

ఇప్పుడు మన సంగతి. మనవాళ్లు ఎక్కడుంటారు? ఇర్వింగ్‌లో, ఫ్రిస్కోలో, ఒకే స్కూల్ పరిధి చూసుకుని ఒకే కాంప్లెక్సులో. ఒకరు చెప్పిన చిట్కా వాట్సాప్‌లో నలభై ఇళ్లకి పాకుతుంది. నమ్మకం వల్ల గుంపు కట్టినా, బద్ధకం వల్ల గుంపు కట్టినా వైరస్‌కి ఒకటే.

ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ (న్యూజెర్సీ):
మాస్టారూ, "బద్ధకం" అనడం అన్యాయం. కొత్తగా దిగినవాళ్లకి ఇన్సూరెన్స్ కార్డు రాలేదు, కారు లేదు, డాక్టర్ దొరకడు, పాప ఇంట్లో కూర్చుని ఏడుస్తోంది, అమ్మకి టెన్షన్. సంతకం పెట్టడం పది నిమిషాల పని, సూది వేయించడం మూడు వారాల పని అయితే మనిషి ఏది చేస్తాడు? 2025 సెప్టెంబర్‌కి ముందు ఈ ఫారం కావాలంటే ఆరోగ్య శాఖకి రాసి, పోస్టులో వచ్చేదాకా ఆగాలి. అప్పుడైతే మీ పక్కింటివాళ్లు డాక్టర్ దగ్గరికే వెళ్లేవాళ్లేమో. వాళ్లని అనే ముందు ఫారం అంత సులువు చేసినవాళ్లని అనండి.

చార్మినార్ చాయ్:
సులువు చేస్తే తప్పా? పూర్తిగా మూసేసిన కాలిఫోర్నియాలో ఏమైందో చూశాంగా. డిస్నీలాండ్‌లో తట్టు అంటుకుందని 2015లో వ్యక్తిగత నమ్మకం మినహాయింపు తీసేశారు. వెంటనే డాక్టర్ రాసిచ్చే వైద్య మినహాయింపులు పెరిగాయి. దాన్ని అదుపు చేయడానికి 2019లో ఇంకో చట్టం చేయాల్సి వచ్చింది. వద్దనుకునేవాడు ఎలాగైనా దారి వెతుక్కుంటాడు.

మీనాక్షి వాళ్లమ్మ (ప్లేనో):
నేను ఇలాంటి చర్చల్లో రాయను. ఈసారి ఊరుకోలేకపోయాను.

మా చిన్నదానికి లుకేమియా, కీమో జరుగుతోంది. ఏడాది నిండగానే తట్టు టీకా వేయించాం. కీమో వల్ల ఆ రక్షణ మిగిలిందో లేదో ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు మళ్లీ వేయడానికి లేదు, అది బతికున్న వైరస్‌తో చేసిన టీకా. కాబట్టి మాకు ఉన్నది నిజమైన వైద్య మినహాయింపు, డాక్టర్ సంతకంతో. పెద్దదాన్ని మాత్రం రోజూ బడికి పంపాలి. దాని క్లాసులో ఎంతమందికి టీకా లేదో నాకు తెలియదు, స్కూలు పేర్లు చెప్పదు, చెప్పకూడదు కూడా. గెయిన్స్ వార్తలు వచ్చిన నెలల్లో అది ఇంటికి రాగానే బట్టలు మార్పించి, స్నానం చేయించి, అప్పుడు చెల్లి దగ్గరికి పంపేదాన్ని. తట్టుకి అదేం ఆపదని తెలుసు. అయినా చేశాను.

చాయ్ గారూ, మీ హక్కు మీద నాకు కోపం లేదు. నిజంగా నమ్మి సంతకం పెట్టేవాళ్లతో వాదించే ఓపిక కూడా లేదు. అపాయింట్‌మెంట్ దొరకలేదని "మనస్సాక్షి" అని రాసి సంతకం పెట్టారే, అది మాత్రం మింగుడు పడలేదు.

చార్మినార్ చాయ్:
అమ్మా, పాప త్వరగా కోలుకోవాలి. చట్టం గురించి నా అభిప్రాయం మారలేదు. కానీ ఈ కుటుంబం విషయంలో మీరన్నది ఒప్పుకుంటాను. నమ్మకం లేని చోట ఆ ఫారం పెట్టడం అబద్ధపు ప్రమాణమే. నిజంగా నమ్మకం ఉన్నవాళ్లకి కూడా దీంతో చెడ్డపేరు.

నర్సు రమ (ఫోర్ట్‌వర్త్):
వాదన మీరు కానివ్వండి. ఆ కుటుంబానికి పనికొచ్చేవి చెప్తాను. తొమ్మిదో నెలలో తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఇంకా ఉండొచ్చు, టీకా సరిగా పట్టకపోవచ్చు, అందుకే ఇక్కడ లెక్కించరు. మన ప్రభుత్వ కార్డు అయితే 16-24 నెలల మధ్య రెండోది ఉంటుంది, అది లెక్కలోకి వస్తుంది. కానీ అందులో గవదబిళ్లలకి రక్షణ ఉండదు, తట్టు, రుబెల్లా మాత్రమే. ప్రైవేటులో వేయించి ఉంటే ఏడాది దాటాక మూడూ కలిపిన టీకా పడి ఉండొచ్చు, కార్డు మళ్లీ చూడమనండి. డోసు పడిందో లేదో తేలకపోతే తట్టు, ఆటలమ్మ లాంటివాటికి రక్తపరీక్షలో రక్షణ ఉందని వస్తే స్కూలు ఒప్పుకుంటుంది. లేదా ఇంకో డోసు వేయించినా నష్టం లేదు. ప్రతి టీకాలో కనీసం ఒక డోసు పడి, మిగతావి సమయానికి వేయిస్తుంటే తాత్కాలికంగా చేర్చుకుంటారు, మొత్తం పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. పిల్లల డాక్టరే కానక్కర్లేదు, కౌంటీ ఆరోగ్య శాఖ క్లినిక్‌కి కూడా ఫోన్ చేయమనండి.

ఇంకొకటి, ఆ ఫారంలోనే ఉంది, ఎవరూ చదవరు: అంటువ్యాధి ప్రకటిస్తే మినహాయింపు ఉన్న పిల్లల్ని బడికి రావొద్దనొచ్చు. మూడు వారాలు తప్పించుకుందామని పెట్టిన కాగితం, తట్టు వస్తే మూడు వారాలు ఇంట్లో కూర్చోబెట్టొచ్చు.

గోదారిబ్బాయి:
రమ గారూ, థాంక్సండి. మీరు రాసింది వాళ్లకి చదివి వినిపించాను. ఇండియా కార్డు వెతికితే పదిహేనో నెలలో కాకినాడలో ప్రైవేటు డాక్టర్ వేసిన మూడూ కలిపిన టీకా, వెనక పేజీలో పెన్నుతో రాసి ఉంది, నర్సుకి అది కనిపించలేదట. కౌంటీ క్లినిక్‌లో గురువారం దొరికింది. ఫారం వెనక్కి తీసుకోవడానికి స్కూల్లో ఏమన్నా రాసివ్వాలా, ఎవరికైనా తెలుసా?