లౌడన్ కౌంటీలో డేటా సెంటర్లు: ఇంక చాలు అందామా, పన్నుల కోసం ఓర్చుకుందామా?

ఆష్‌బర్న్ వాసి
వర్జీనియాలోని మన లౌడన్ కౌంటీలో 2025 మార్చి దాకా కొన్ని జోన్లలో స్థలం ఉంటే చాలు, పబ్లిక్ హియరింగ్ లేకుండానే డేటా సెంటర్ (వేల సర్వర్లు, అంటే పెద్ద కంప్యూటర్లు, రాత్రింబవళ్లు నడిచే భవనం) కట్టేసుకునేవాళ్లు. ఆ నెలలో కౌంటీని నడిపే సూపర్‌వైజర్ల బోర్డు ఆ వెసులుబాటు తీసేసింది. ఇప్పుడు కొత్తగా ఎవరు అడిగినా ప్లానింగ్ కమిషన్‌కూ, బోర్డుకూ రావాల్సిందే. మంచిదే, కానీ చాలా ఆలస్యమైంది. ఇళ్ల పక్కన ఇక ఒక్కదానికీ అనుమతి ఇవ్వకూడదని నా వాదన. రాత్రి పదకొండు దాటాక మా పడగ్గదిలో ఒకటే హోరు. చెవులు బద్దలయ్యే చప్పుడు కాదు, ఆగకుండా సాగే బరువైన మోత. కిటికీలు బిగించినా తగ్గదు. జనరేటర్లు పరీక్షించే రోజున పెరట్లో కూర్చోలేం.

సౌత్ రైడింగ్ నాన్న
మీ బాధ కాదనను అండీ. కానీ ఇంటి పన్ను రేటు కూడా చూడండి. ఇంటి విలువలో ప్రతి వంద డాలర్లకు 2012లో 1.235 డాలర్లు ఉండేది, 2025లో 0.805కి దిగింది. ఇళ్ల ధరలు పెరిగాయి కనుక బిల్లు తగ్గలేదన్నది నిజమే. అయినా పక్కనున్న ఫెయిర్‌ఫాక్స్‌లో రేటు ఇప్పటికీ డాలరు పైమాటే. ఈ తేడా సర్వర్ల పుణ్యం: వాటి విలువలో ప్రతి వంద డాలర్లకు కౌంటీ 4.15 డాలర్లు వసూలు చేస్తోంది. సర్వర్లకు బడి అక్కర్లేదు, బస్సు అక్కర్లేదు. ఆ డబ్బు ఆగితే లోటు పూడ్చాల్సింది మనమే.

బ్రాంబుల్టన్ వాసి
అన్నా, నాకు భయం అక్కడే. సర్వర్ పాతబడేకొద్దీ పన్ను లెక్కలో దాని విలువ ఏటా పడిపోతుంది. కంపెనీలు కొత్తవి కొంటూ ఉంటేనే ఆదాయం నిలబడుతుంది. బడులూ, జీతాలూ ఒకే పరిశ్రమ కొనుగోళ్ల మీద ఆధారపడటం క్షేమమా?

ఇంకొకటి. కౌంటీ చేతిలో ఉన్న అధికారం చాలా తక్కువ. వర్జీనియాలో రాష్ట్రం ఇచ్చిన అధికారాలే కౌంటీకి ఉంటాయి. హైటెన్షన్ లైను ఎటు పోవాలో రిచ్‌మండ్‌లోని స్టేట్ కార్పొరేషన్ కమిషన్ తేలుస్తుంది. గోల్డెన్-మార్స్ అనే హైటెన్షన్ లైనును భూగర్భంలో వేయమని ఇక్కడి లౌడన్ వ్యాలీ ఎస్టేట్స్ కాలనీ జనం ఎంత మొత్తుకున్నా, ఆ మాట వినాల్సింది బోర్డు కాదు, ఆ కమిషన్. మరి అంత కరెంటు కావాల్సిన భవనానికి అనుమతి ఎవరిచ్చారు? కౌంటీయే. అందుకే ఆపదలిస్తే అక్కడే ఆపాలి. అడ్డూ అదుపూ లేకుండా వదిలేస్తే పదేళ్లలో రాష్ట్ర విద్యుత్ అవసరం రెట్టింపవుతుందని శాసనసభ ఆడిట్ సంస్థ 2024 డిసెంబరులోనే చెప్పింది. మూడో వంతు సెంటర్లు ఇళ్ల దగ్గరే ఉన్నాయనీ ఆ నివేదికే అంది.

సౌత్ రైడింగ్ నాన్న
ఇళ్లకు దూరం పెంచమంటే, శబ్దం నిబంధనలు బిగించమంటే నేనూ మీతోనే. మామూలు డెసిబెల్ కొలతకు ఈ లోతైన మోత సరిగా అందదు, అది మార్చాలి. మొత్తం ఆపమంటే మాత్రం ఒప్పుకోను. ఇక్కడ వద్దంటే పక్కనున్న ప్రిన్స్ విలియమ్ కౌంటీకి పోతాయి.

ఆష్‌బర్న్ వాసి
అక్కడ ఏమైందో చూశారుగా. డిజిటల్ గేట్‌వే అనే భారీ డేటా సెంటర్ల ప్రాజెక్టును సమర్థించిన ఆ కౌంటీ బోర్డు ఛైర్ 2023 జూన్‌లో సొంత పార్టీ ప్రైమరీ ఎన్నికలోనే ఓడిపోయారు. అయినా డిసెంబరులో పాత బోర్డే ఆ స్థలానికి రీజోనింగ్ (భూ వినియోగం మార్చే అనుమతి) ఇచ్చేసింది. ప్రజలకు సరిగా నోటీసు ఇవ్వలేదని 2025 ఆగస్టులో కోర్టు దాన్ని కొట్టేసింది. జనం పట్టు వదల్లేదు కాబట్టే అంతదూరం వెళ్లింది.

ఆల్డీ వాసి
నేను హెచ్1బీ మీద ఉన్నానండీ. ఇల్లు కొన్నాం, పన్ను కడుతున్నాం, ఓటు మాత్రం లేదు. మా మాటకు విలువుంటుందా?

బ్రాంబుల్టన్ వాసి
హియరింగ్‌లో మాట్లాడటానికి ఓటుతో పనిలేదు తమ్ముడూ. ముందే పేరు నమోదు చేసుకుని కౌంటీ కేంద్రమైన లీస్‌బర్గ్ వెళ్లు, లేదా మీ సూపర్‌వైజర్‌కు ఈమెయిల్ పెట్టు. "డేటా సెంటర్లు వద్దు" అని ఊరుకోకుండా ఏ దరఖాస్తు, మీ ఇంటికి ఎంత దూరం, రాత్రి ఏ వేళ ఎంత మోత వస్తోందో రాయి. బోర్డులోని తొమ్మిది సీట్లకూ 2027 నవంబరులో ఎన్నికలు. ఓటున్న పక్కింటివాళ్లను కూడా వెంట తీసుకెళ్లు.