అప్‌డేట్: తాటిపూడి క్యాంపింగ్‌కి లాంతరు కొన్నాను

తాటిపూడి రిజర్వాయర్ దగ్గర ఒక రాత్రి టెంట్ వేస్తున్నాం, గ్యాస్ లాంతరా, ఛార్జింగ్ ఎల్ఈడీనా అని నెల క్రితం అడిగాను కదా, వెళ్లొచ్చాం. ఎల్ఈడీయే తీసుకున్నాను. టెంట్‌లో గ్యాస్ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరుతుంది, దానికి వాసన కూడా ఉండదు అని మీలో ఒకరు చెప్పాక ఇంకో ఆలోచన పెట్టుకోలేదు.

400 ల్యూమెన్లది (ల్యూమెన్ అంటే వెలుగు కొలత), తెలుపు, పసుపు రెండు రంగులూ ఉన్నాయి. అసలు ఉపయోగపడింది ఆ పసుపే. తెల్లలైటు పెట్టి పులిహోర విప్పామో లేదో నీటి ఒడ్డు పురుగులన్నీ మా మీదే, మా బావ ప్లేటులో ఆవాలేవో పురుగులేవో తెలీలేదు. పసుపుకి మార్చాక పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గాయి. టెంట్ లోపల తక్కువ వెలుగే చాలు, ఫుల్‌లో పెడితే కళ్లు మండాయి.

ఒక్కటే కోపం. డబ్బా మీద 12 గంటలని రాశారు, అది బాగా తగ్గించి పెట్టుకుంటేనేనట, ఫుల్‌లో నాలుగు గంటలకే ఆరిపోయింది. పవర్ బ్యాంక్ ఉంది కాబట్టి సరిపోయింది. ఈసారి హెడ్‌ల్యాంప్ కూడా కొంటాను, చీకట్లో బయటికెళ్లాలంటే లాంతరు మోసుకెళ్లాలి, లోపలున్నవాళ్లు తిడుతున్నారు.